నల్లబడని గడ్డ

అమ్మ పోయాక వచ్చిన మొదటి జూన్‌లో కామాస్ గడ్డల తవ్వకానికి వెళ్ళినప్పుడు, అమ్మ చాప మీద నన్ను కూర్చోబెట్టారు. నేను అడగలేదు. ఫిలొమీన్ పెద్దమ్మ చాప దులిపి పరిచి, "కూర్చో సెలీ, మీ అమ్మ చోటు ఖాళీగా ఉంచకూడదు" అంది. అంతే. మా ఇంట్లో పెద్దరికాలన్నీ ఇలాగే వచ్చి మీద పడతాయి. ఎవరూ నేర్పరు, ఎవరూ మెచ్చుకోరు, తప్పు చేస్తే మాత్రం మూడు తరాల వాళ్ళు గుర్తుపెట్టుకుంటారు.

చాప మీద పని వినడానికి తేలికే. ఆడవాళ్ళు తవ్వుకోలలతో గడ్డలు పెకలించి, కాడ తెంపకుండా, పువ్వుతో సహా తెచ్చి పోస్తారు. చాప మీద ఇద్దరు కూర్చుంటారు. మొదటి మనిషి పువ్వు చూసి పక్కకి అందిస్తుంది. రెండో మనిషి కూడా చూసి, కాడ తెంపి, గడ్డను సంచిలో వేస్తుంది. పువ్వు నీలంగా ఉంటే కామాస్. తెల్లగా ఉంటే చావు కామాస్. రెండూ ఒకే పచ్చిక బయల్లో పక్కపక్కన పెరుగుతాయి. కాడ తెగిందంటే రెండు గడ్డలకీ ఒకటే మొహం. చావు కామాస్‌ని ఎంత కాల్చినా దానిలోని విషం పోతుందన్న నమ్మకం లేదు. ఆ పేరు దానికి ఊరికే రాలేదు.

నా పక్కన రెండో మనిషి వెర్నీటా అక్క, పెద్దమ్మ కూతురు. అక్క నోరు మూతపడగా చూసినవాళ్ళు అమెరికాలో మా ఆదివాసులకి మిగిల్చిన ఈ రిజర్వేషన్‌లో లేరు. ఆ రోజంతా తన ట్రక్కు బ్రేకుల గురించి చెప్పింది. బ్రేకులయ్యాక మాజీ మొగుడు, మొగుడయ్యాక మళ్ళీ బ్రేకులు. నేను వింటున్నట్టు తలాడించాను గానీ ఒక్క ముక్క ఎక్కలేదు. అమ్మ ఏళ్ళ తరబడి కూర్చున్న చోట ఆ చాప గుంట పడి ఉంది. ఆ గుంటలో నేను సరిగ్గా పట్టాను. అది తెలిసిన క్షణం నుంచి సాయంత్రం దాకా కళ్ళు కారుతూనే ఉన్నాయి. తుడుచుకుందామంటే చేతులకి మట్టి. పువ్వులు చూశాను, అందించాను. చూశాననే అనుకున్నాను.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, గడ్డలు కాల్చే గొయ్యి మూసేదాకా ఆ కన్నీళ్ళ సంగతి నాకు గుర్తే లేదు.

శనివారం అమ్మ ఏడాది భోజనం. ఆ రోజుతో మా ఇంటి దుఃఖం ముగిసిందని లెక్క. ఊరంతా వస్తారు, అమ్మ వస్తువులు పంచిపెడతాం, తిని, మళ్ళీ నవ్వడం మొదలుపెడతాం. వేటమాంసం ఎంత ఉన్నా, హకిల్‌బెర్రీ పళ్ళు ఎన్ని ఉన్నా, కామాస్ లేకపోతే అది భోజనం కింద లెక్కకి రాదు. అందుకే బుధవారం పొద్దున్నే పెద్దమ్మ ఇంటి వెనక గొయ్యి మూశాం. అడుగున ఎర్రగా కాలిన రాళ్ళు, వాటి మీద చిత్తడిలో పెరిగే వెడల్పాటి ఆకులు, చెట్లకి వేలాడే నల్ల నాచు, గడ్డలు, మళ్ళీ ఆకులు, బెరడు, మట్టి, ఆ పైన మంట. శనివారం పొద్దున దాకా దాన్ని ఎవరూ కదపకూడదు. మధ్యలో తెరిస్తే వేడి పోతుంది. అలా చల్లారిన గడ్డలు మళ్ళీ ఎంత కాల్చినా పండవని మా పెద్దవాళ్ళ మాట. ఇంకా కట్టుబాట్లున్నాయి. గొయ్యి దగ్గరికి మగవాళ్ళు రాకూడదు. అక్కడ పోట్లాడకూడదు. చెడ్డ మాట అనకూడదు.

నేను మా బళ్ళో సైన్సు చెబుతాను. ఏటా ఆరో తరగతి పిల్లలతో అయోడిన్ చుక్కల పాఠం చేయిస్తాను. బంగాళాదుంప ముక్క మీద చుక్క వెయ్యండి, నల్లబడిందా, అయితే అందులో పిండి ఉన్నట్టు. మొక్క వేసవిలో ఆకుల్లో చక్కెర తయారుచేసి, చలికాలానికని దాన్ని పిండిగా మార్చి వేళ్ళలో, దుంపల్లో, గింజల్లో దాచుకుంటుంది. ఈ మాట ఎన్నిసార్లు చెప్పానో, నిద్రలో లేపి అడిగినా చెప్పగలను.

ఈసారి ఒక గొప్ప ఆలోచన వచ్చింది. గొయ్యిలో పట్టక మిగిలిన పచ్చి గడ్డలు బుట్టలో గుప్పెడున్నాయి. పచ్చి గడ్డ మీద అయోడిన్ వేస్తే నల్లబడుతుంది. కాలి తీపెక్కిన గడ్డ మీద వేస్తే నల్లబడదు, ఎందుకంటే పిండంతా చక్కెర అయిపోయి ఉంటుంది. రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి, చూడండర్రా, మన అమ్మమ్మలు గొయ్యిలో చేసింది రసాయన శాస్త్రం అని పిల్లలకి చెప్పాలి. గురువారం మధ్యాహ్నం, బడి నుంచి తెచ్చిన సీసా పట్టుకుని, ట్రక్కు వెనక పలక దించి, గడ్డను కోసి, ఫోను ఎత్తిపట్టుకుని, చుక్క వేశాను.

ఏమీ కాలేదు. చుక్క ఎలా పడిందో అలాగే, పల్చటి టీ రంగులో కూర్చుంది.

మందు పాతదైందేమో అనుకుని పెద్దమ్మ వంటింట్లోంచి ఒక బంగాళాదుంప తెచ్చి కోశాను. చుక్క తగలగానే ముక్క నల్లగా మాడినట్టయింది. రొట్టె ముక్క మీద వేశాను. అదీ నల్లబడింది. ఇంకో కామాస్ గడ్డ కోశాను. టీ రంగు. ఇంకోటి నలిపి, వేడినీళ్ళలో కలిపి, చల్లార్చి వేశాను. టీ రంగే. బుట్టలో గడ్డలు దాదాపు అన్నీ కోసేశాను. ట్రక్కు పలక మీద తెల్లటి ముక్కలు, వాటి మీద గోధుమరంగు మరకలు. ఫోను ఎప్పుడు కింద పెట్టానో తెలియదు.

గడ్డ అన్నాక పిండి ఉండాలి. పిండి ఉంటే నల్లబడాలి. నల్లబడలేదంటే పిండి లేదు. పిండి లేనిది మరి ఏం దాచుకుని బతుకుతోంది? మంచు కింద ఆరు నెలలు పడుండి, వసంతంలో మోకాలెత్తు కాడ ఎక్కడి నుంచి వేస్తోంది? ఆలోచన అక్కడి నుంచి జారింది. కామాస్‌లో పిండి ఉండి తీరాలి, వీటిలో లేదు, అయితే ఇవి కామాస్ కావు. కామాస్ కాకపోతే, ఆ పచ్చిక బయల్లో అచ్చం ఇలాగే ఉండే గడ్డ ఇంకొక్కటే ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది, చాప మీద నేను ఏడుస్తూ కూర్చున్నానని.

చావు కామాస్ నల్లబడుతుందో లేదో నాకు తెలియదు. ఎప్పుడూ చూడలేదు. దాన్ని కోసి చూడాలని మా ఇంట్లో ఎవరికి మాత్రం బుద్ధి పుడుతుంది? అక్క కూడా చూసింది కదా అనుకున్నాను. చూసిందా? పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బ్రేకుల గురించి చెప్పిన మనిషి పువ్వులెప్పుడు చూసింది? ఒకపక్క నాలుగు కళ్ళు, ఇంకోపక్క ఒక్క గోధుమరంగు చుక్క. నేను చుక్కనే నమ్మాను. చదువు చెప్పేవాళ్ళకి ఈ జబ్బు ఉంటుంది.

గొయ్యి దగ్గర పెద్దమ్మ కుర్చీలో కూర్చుని, ఒళ్ళో తోలు ముక్క పెట్టుకుని పూసలు కుడుతోంది. మట్టి మీద సన్నటి మంట, పక్కల నుంచి ఆవిరి. ఆ మట్టి కింద ఊరందరి భోజనం ఉంది. నేను దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఏం చెప్పాలి? తెరుద్దాం అంటే అమ్మ భోజనానికి కామాస్ ఉండదు. వద్దంటే, తిన్నవాళ్ళకి ఏమవుతుందో. పోనీ తెరిచినా ఏం చూస్తాం? ఆవిరిలో ఉడికిన గడ్డకి పువ్వుండదు కదా.

"ఏంటే ఆ మొహం?" అంది పెద్దమ్మ, సూది మీంచి చూపు ఎత్తకుండా.

ఏమీ లేదన్నాను.

"ఏమీ లేని మొహమైతే గొయ్యికి దూరంగా తీసుకెళ్ళి పెట్టుకో. ఇక్కడ ఆవిరి పాడవుతుంది."

తీసుకెళ్ళాను. రోడ్డు పక్కన కట్టెలు పేర్చిన వరస మా ఇంటి మగవాళ్ళ హద్దు. దానికి అవతల మడత కుర్చీలో బేసిల్ మామయ్య కాఫీ ఫ్లాస్కుతో కూర్చుని ఉన్నాడు. అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు. చక్కెర జబ్బు మనిషి. గొయ్యికి కట్టెలు కొట్టేది అతనే, గొయ్యిని పుట్టి బుద్ధెరిగాక చూడనిదీ అతనే. నన్ను చూడగానే, ఈసారైనా కామాస్ తినొచ్చో లేదో కనుక్కుని చెప్పమన్నాడు. ఆసుపత్రిలో ఒక నర్సు అందులో చక్కెర లేదు తినమందట, ఇంకో నర్సు తేనెలా తియ్యగా ఉంటుంది, ముట్టుకోవద్దందట.

నేను అతని పక్కన నేల మీద చతికిలబడి అంతా చెప్పేశాను. చుక్క, బంగాళాదుంప, చాప, ఏడుపు, అన్నీ. మామయ్య కాఫీ మూత బిగించాడు.

"ఇది ఇంకెవరికి తెలుసు?"

"నీకే."

"బాగుంది. గొయ్యి చూసుకునేవాళ్ళని వదిలేసి, గొయ్యి వాసన కూడా చూడనివ్వని వాడికి వచ్చి చెప్పావు." ఫ్లాస్కు కింద పెట్టి, "పారబోయించెయ్. మాంసం ఉందిగా" అన్నాడు. వెంటనే తల అడ్డంగా ఊపాడు. "మా అక్క జెర్మేన్ భోజనానికి కామాస్ లేకుండానా? రేపు పైకి పోయాక నన్ను బతకనిస్తుందా అది?"

నాకు నవ్వు రాలేదు. పారబోయమంటే ఎందుకని పెద్దమ్మ అడుగుతుంది. నేను ఏడుస్తూ తెల్లపువ్వులు దాటించానేమోనని చెప్పాలి. చెబితే వచ్చే ఏడు ఆ చాప మీద నేనుండను. ఉండకపోతే పోయె, అది పెద్ద బాధ కాదు. చెప్పకుండా ఊరుకుంటే, శనివారం మొదటి గడ్డ నేనే తినాలి. మా ఇంట్లో చాప మీద మొదట కూర్చున్న మనిషే అందరూ చూస్తుండగా మొదటిది తినాలి. అందుకూ భయపడలేదు. నా తర్వాత తినే పిల్లలు గుర్తొచ్చారు.

మామయ్య బంగాళాదుంప సంగతి ఇంకోసారి చెప్పమన్నాడు. అతనికి ఏదైనా రెండుసార్లు చెప్పాలి. మందు మంచిదో కాదో తెలుసుకోవడానికి బంగాళాదుంప మీద వేసి చూశానని మళ్ళీ చెప్పాను. చెబుతూ చెబుతూ ఆగిపోయాను. మందుని పరీక్షించాను. కామాస్‌ని పరీక్షించలేదు. కామాస్ నల్లబడుతుందని నాకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. బంగాళాదుంప నల్లబడింది కాబట్టి అదీ నల్లబడాలని నేనే అనుకున్నాను. ఇది ఖాయంగా కామాసే, దీని నీలం పువ్వు నా కళ్ళతో చూశాను అని ఒట్టేసి చెప్పగల గడ్డ ఒక్కటి కావాలి. దాని మీద చుక్క వేసి చూడాలి.

ఎక్కడుంది? బుట్టలో మిగిలిన రెండూ ఆ సంచుల్లోవే. పచ్చిక బయలుకి మళ్ళీ పోదామంటే అది ఇప్పుడు మాది కాదు, పశువుల ఆసామిది. ఏడాదికోసారి మా కోసం గేటు తీస్తాడు, మేం వచ్చేయగానే గడ్డి కోయించేస్తాడు. ఈపాటికి నీలమూ తెలుపూ కలిసి గడ్డిమోపులై ఉంటాయి. కూర్చున్నదాన్ని లేచి నిలబడ్డాను. ఒక గడ్డ ఉంది. నిరుడు చలికాలం ముందు పెద్దమ్మ ఎవరినో అడిగి తెచ్చి ఇస్తే, అమ్మ సమాధి తల దగ్గర నేనే నాటాను. మొన్న మే నెలలో పూసింది. దాని పక్కన కూర్చుని మధ్యాహ్నం డబ్బా అన్నం తిన్నాను. నీలం. సందేహం లేని నీలం.

చెప్పగానే మామయ్య టోపీ తీశాడు. "సమాధి మీద మొక్క పీకుతావా? ఎల్లుండి భోజనం పెట్టుకుని?"

"నువ్వు పీకొద్దు. బండి నడుపు చాలు."

నడిపాడు. మిషన్ చర్చి వెనక శ్మశానంలో ప్లాస్టిక్ పువ్వులు ఎండకి వెలిసిపోయి ఉన్నాయి, గాలిచక్రాలు తిరుగుతున్నాయి. అమ్మ తల దగ్గర కామాస్ పువ్వు రాలిపోయి, కాడ మీద పచ్చి కాయలున్నాయి. మామయ్య కాస్త ఎడంగా నిలబడి, తన అక్కతో మామూలుగా మాట్లాడినట్టే మాట్లాడాడు. "జెర్మేన్, ఇది నీ కూతురు చేస్తున్న పని. నాకేం సంబంధం లేదు. తిట్టాలనుంటే దాన్నే తిట్టు."

నేను మోకాళ్ళ మీద కూర్చుని, అతని బండిలో ఉన్న పెద్ద చెంచాతో తవ్వాను. గడ్డ బయటికి వచ్చినప్పుడు దాని వేళ్ళని పట్టుకుని కొంచెం మట్టి వచ్చింది. ఆ మట్టి దులపబుద్ధి కాలేదు. మామయ్య కత్తి అడిగి, అక్కడే ఒక రాయి మీద పెట్టి, కాడ నుంచి వేళ్ళ దాకా నిలువుగా రెండు చెక్కలు చేశాను. చుక్క వేశాను.

టీ రంగు.

అలాగే చూస్తూ కూర్చున్నాను. ఎంతసేపు చూసినా అదే రంగు. ఏడుపూ రాలేదు, సంతోషమూ రాలేదు. మెదడు ఒట్టి సంచిలా వేలాడింది.

"అంటే?" అన్నాడు మామయ్య.

"కామాస్ నల్లబడదు."

"అంటే మన గొయ్యిలోవి మంచివేనా?"

"అది కాదు మామయ్యా. ఆ చుక్క మంచీ చెప్పలేదు, చెడూ చెప్పలేదు. నేను అడగకూడని దాన్ని అడిగాను."

మామయ్య టోపీ పెట్టుకున్నాడు. "పిండి లేదంటావు. పచ్చిది తింటే తీపీ ఉండదు. మూడు రోజులు మట్టిలో పెడితే తేనె అవుతుంది. మరి ఆ తీపంతా ఇప్పుడెక్కడుంది? మొదట అది చెప్పు. నేను తినొచ్చా తినకూడదా, అది తర్వాత."

నాకు తెలియదని చెప్పాను. ఆరో తరగతి పిల్లల ముందు కూడా అంత తేలిగ్గా ఆ మాట ఎప్పుడూ అనలేదు.

ఆ జవాబు నాకు దొరికింది ఆ తర్వాత వారం, బళ్ళో కూర్చుని వెతికాక. కథ ఆగినా సరే, అది ఇక్కడే చెప్పేస్తాను, లేకపోతే మీరూ మామయ్యలాగే అడుగుతారు. పెద్దమ్మ పూసలు గుచ్చినట్టు మొక్క చక్కెర పూసలు గుచ్చుతుంది. ఒకే రకం పూస, ఒకే దారం, గుచ్చే తీరులోనే ఉంది తేడా అంతా. ఒకలా గుచ్చితే హారం మెలికలు తిరిగి చుట్టలా నిలుస్తుంది. అది పిండి. అయోడిన్ ఆ చుట్ట మధ్యలో దూరి కూర్చుంటేనే నలుపు కనిపిస్తుంది. అదే పూసని ఒకటి విడిచి ఒకటి తిరగేసి గుచ్చితే హారం బిర్రుగా నిటారుగా ఉంటుంది. అలాంటివి కట్టలు కట్టలుగా చేరితే కట్టె. గొయ్యి మీద మండుతున్నదీ, మామయ్య కొట్టి పేర్చిందీ అదే. కామాస్ పూసే వేరు. అది పండ్లలో ఉండే చక్కెర. ఆ హారాలు పొట్టివి, అయోడిన్ దూరి కూర్చునేలాంటి చుట్ట వాటికి లేదు. మొక్క దాచుకోవడానికి అదే చాలు, చలినీ కరువునీ తట్టుకోవడానికి కూడా పనికొస్తుంది. మన కడుపులో మాత్రం ఆ ముడులు విప్పే పనిముట్టు లేదు. పచ్చిగా తింటే పేగుల్లోని సూక్ష్మజీవులు ఆ పని అందుకుని గాలి వదులుతాయి. కుర్రతనంలో మామయ్య పచ్చిగడ్డలు దొంగతనంగా తిని చర్చిలో పరువు పోగొట్టుకున్నది అందుకే. గొయ్యిలో మూడు రోజుల వేడీ తడీ కలిసి ఆ ముడుల్ని ఒక్కొక్కటే తెంపుతాయి. పూసలు విడిపోయాక తీపి నాలుకకి తెలుస్తుంది. కాబట్టి ఇద్దరు నర్సులూ నిజమే చెప్పారు, ఒకరు పచ్చిదాని గురించి, ఇంకొకరు కాల్చినదాని గురించి.

శ్మశానంలో ఇవేవీ నాకు తెలియవు. తెలిసింది ఒక్కటే. చుక్క వల్ల పుట్టిన భయం చుక్కతోనే పోవాలి. కానీ పోలేదు. ఎందుకంటే నేను ఏడ్చింది నిజం. చుక్క ఏమీ చెప్పకపోయినా, ఆ రోజు నా కళ్ళు నీళ్ళతో ఉన్నాయి. రెండు చెక్కలూ జేబురుమాలులో చుట్టుకుని ఇంటికొచ్చాను. పెద్దమ్మనీ అక్కనీ గొయ్యికి దూరంగా, ట్రక్కు వెనక్కి పిలిచాను.

చెప్పాను. ఈసారి అడ్డదిడ్డంగా చెప్పాను, ముందుది వెనక, వెనకది ముందు. రుమాలు విప్పి అమ్మ దగ్గరి గడ్డ చూపించాను. పెద్దమ్మ వంగి ఆ చెక్కల్ని చూసింది. అక్క మొహం ఎర్రబడింది.

"అంటే నేను చూడలేదనుకున్నావా?"

"నువ్వు మాట్లాడుతూనే ఉన్నావు కదా అక్కా."

"నోటితో మాట్లాడాను. కళ్ళతో కాదు."

నేను తల దించుకున్నాను. అక్క గొంతు తగ్గించి చెప్పింది. ఆ రోజు నేను తెల్లపువ్వులు అందించానట. ఒకటి కాదు. వచ్చినవి వచ్చినట్టు తీసి వీపు వెనక్కి విసిరేసి, సాయంత్రం నేను చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు ఆ బయల్లోనే ఓ గుంట తీసి పాతేసిందట. నాకు తెలియకూడదనే బ్రేకుల కథ ఆపకుండా చెప్పిందట. బ్రేకులు బాగానే ఉన్నాయట.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఏం చేసేదానివి? లేచిపోయేదానివి. మళ్ళీ ఆ చాప మీద కూర్చునేదానివా?"

ట్రక్కు పలక మీద కూర్చున్నాను. నేను భయపడ్డదే నిజమైంది, చావుని చేత్తో పట్టుకుని పక్కకి అందించాను. అయినా గొయ్యిలోది మంచిదే. రెండూ ఒకేసారి నిజం ఎలా అవుతాయో నాకు వెంటనే తలకెక్కలేదు.

అప్పుడు పెద్దమ్మ నోరు విప్పింది. "మా అమ్మ పోయిన ఏడు, అదే చాప మీద మీ అమ్మ కూర్చుంది. రెండో చోటు నాది. ఆ రోజు అది నాకు ఎన్ని తెల్లపువ్వులు అందించిందో! నేను పాటలు పాడాను, మొత్తం పాటలే. నా గొంతు సంగతి నీకు తెలుసుగా. నన్ను తిడుతూనే ఉంది గానీ నా వైపు తల తిప్పి చూడలేదు."

"అమ్మకి తర్వాత చెప్పావా?"

"ఎందుకు చెప్పడం? మొదట కూర్చునేది ఎప్పుడూ ఎవరినో పోగొట్టుకున్న మనిషే. దాని కళ్ళకి ఏం కనిపిస్తుంది? అందుకే ఇద్దరం కూర్చుంటాం." రుమాలులోని చెక్కలు చేతిలోకి తీసుకుని, తిప్పి చూసింది. నిలువుగా కోశావు కాబట్టి రెండింటికీ వేళ్ళున్నాయి, పొద్దున్నే తీసుకెళ్ళి రెండూ పాతెయ్, బతికితే రెండవుతాయి అంది. ఆ మీద, ఇంకోసారి తనని అడగకుండా చెల్లెలి మీద చెయ్యి వేస్తే ఆ చెయ్యి తన దగ్గర పెట్టుకుంటానని కూడా అంది.

శనివారం పొద్దున గొయ్యి తెరిచారు. మట్టి తీసి, బెరడు తీసి, నల్లగా మాడిన ఆకులు పక్కకి లాగగానే వాసన లేచింది. కట్టెల వరసకి అవతల మగవాళ్ళందరూ ఒక్కసారి తలలు తిప్పారు. గడ్డలు బెల్లపు రంగులోకి తిరిగి, మెత్తగా, ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. తర్వాత, భోజనం దగ్గర, పెద్దమ్మ మొదటిది తీసి నా అరచేతిలో పెట్టింది. ఊరంతా చూస్తోంది. బేసిల్ మామయ్య పళ్ళెం పట్టుకుని అందరికన్నా ముందు నిలబడ్డాడు. కొంచెమే తింటానని పెద్దమ్మకి మాటిచ్చాడట.

చేతిలో అది వెచ్చగా ఉంది. నోటి దాకా తీసుకెళ్ళి ఆగాను. భయం కాదు. నిరుడు ఇదే వేళకి ఇది అమ్మ చేతిలో ఉండాలి, అప్పటికే అమ్మ ఆసుపత్రిలో ఉంది. ఆ ఏడు మేం తవ్వలేదు.

పక్కన వెర్నీటా అక్క మొదలుపెట్టింది. ఈసారి ట్రక్కు టైర్ల గురించి. ముందు టైర్లు ఎలా అరుగుతాయో, వెనకవి ఎందుకు అరగవో, దుకాణంవాడు ఏమన్నాడో. నేను గడ్డ నోట్లో పెట్టుకున్నాను. తియ్యగా ఉంది. నములుతూ అక్క వైపు తిరిగాను. నోరు టైర్ల గురించి చెబుతూనే ఉంది. కళ్ళు మాత్రం నా మొహం మీదే ఉన్నాయి.